చెక్క బిళ్ళ

"నాకు జంతువులంటే ప్రాణం"
అన్నది యిల్డౌ, వ్యాను వెనక తలుపు దగ్గర నిలబడి.
అందరూ అదే అంటారు.
ఇరవై మూడేళ్ళుగా ఈ పల్లపు పచ్చిక దేశంలో
నా దగ్గరికి పని నేర్చుకోవడానికొచ్చే వాళ్ళ మొదటి వాక్యం మారలేదు.
ప్రాణం సంగతి తర్వాత చూద్దాం,
ముందు ఆ రబ్బరు బూట్లు నీ కాలికి పెద్దవి, అన్నాను.

పశువైద్య కళాశాల లాటరీలో
రెండేళ్ళు వరసగా పేరు రాలేదట పిల్లకి.
ఉద్యోగ సలహాలు చెప్పే ఆవిడ
బల్ల మీద కాగితాలు పేకముక్కల్లా పరిచిందట:
కుక్కలకు క్షవరం చేసే పని,
గుడ్డివాళ్ళకు దారి చూపే లాబ్రడార్లకు చదువు చెప్పే పని,
జూలో పెంగ్విన్లకు పొద్దునా సాయంత్రం చేపలు లెక్కపెట్టే పని,
ప్రయోగశాలలో ఎలుకల బోన్లు కడిగే పని
(ఆ కాగితాన్ని బోర్లా తిప్పేసిందట).
అన్నిటికన్నా అడుగున, కాఫీ మరకతో, నాది:
ఆవుల డెక్కలు చెక్కువారు.
రెండేళ్ళ శిక్షణ. నాలుగు రోజులు కొట్టంలో, ఒక రోజు బడిలో.
నడుము గట్టిదై ఉండవలెను.

నడుము సంగతి నన్నడగండి.

మొదటి వారం ఆవు లేదు. కత్తి, నూరుడు రాయి, అంతే.
పదును లేని చోట బలం వాడతావు,
బలం వాడిన చోట నెత్తురొస్తుంది.
రెండో వారం ఊరికే నిలబడి నడకలు చూడడం.
వీపు విల్లులా వంగిందా,
అడుగు వేసినప్పుడల్లా తల ఊపుతోందా,
నీతో ఏకీభవించి కాదమ్మా ఆ ఊపడం.
మందలో పుట్టింది కదా,
నొప్పి దాచుకోవడమే దాని మొదటి చదువు.
కుంటడం మొదలెట్టే సరికి ఎప్పుడో ఆలస్యమైపోయి ఉంటుంది.

బడిలో కబేళా నుంచి తెచ్చిన కాళ్ళ మీద నేర్పుతారు.
తొట్టినిండా కాళ్ళు,
ఆవులు లేవు.
ఆ మధ్యాహ్నం తను రొట్టె ముట్టలేదు.
మర్నాడు నాది కూడా తినేసింది.

ఫిబ్రవరిలో, సియెర్డ్ వాళ్ళ కొట్టంలో, బౌక్యె ఎనభై ఎనిమిది.
వెనక ఎడమ కాలు పైకి కట్టాం.
కొమ్ము కాలిన వాసన, తెల్లటి పెచ్చులు,
ఆమె కత్తి కింద బయటి డెక్కలో
చెర్రీ గింజంత ఎర్రదనం.
పుండు.
నేను చెక్క బిళ్ళకి జిగురు పూసి
లోపలి డెక్కకి అంటించాను.
"నొప్పి దీనికైతే చెక్క దానికా?"
బాగున్నది వేలెడు ఎత్తు లేస్తే
పుండు నేలని తాకదు.
కొన్నాళ్ళు పక్కది మోస్తుంది.
ఆమె అరవై దాకా లెక్కపెట్టింది, జిగురు గట్టిపడేదాకా,
తన అమ్మమ్మ భాషలో.

ఆ చలికాలం నుంచే నా కుడి బొటనవేలు మడత పడటం లేదు.
ఎవరికీ చెప్పలేదు.
మార్చిలో వెనక కుడి కాళ్ళు తను అందుకుంది,
ఏప్రిల్‌లో ఎడమవి కూడా.
నేను మీట లాగేవాణ్ణి, పలక మీద నంబర్లు రాసేవాణ్ణి,
వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం.

జూన్‌లో మూడోసారి లాటరీ. పేరొచ్చింది.
తొమ్మిదో ఆవు దగ్గర చెప్పింది, తలెత్తకుండా.
శుభాకాంక్షలు అనాలి మనిషన్నవాడు.
ఇంకా ఎనిమిది ఉన్నాయి, అన్నాను.

ఆగస్టు చివర మళ్ళీ సియెర్డ్ కొట్టం, ఇంకో ఆవు, ఇంకో బిళ్ళ.
"దీన్ని తీయడానికి మళ్ళీ రావాలా మీరు?" అని అడిగాడాయన,
డబ్బు లెక్క చూసుకునే మనిషి.
నేను నోరు తెరిచేలోగా యిల్డౌ చెప్పింది,
కత్తి తుడుచుకుంటూ:
అక్కర్లేదు. ఆరేడు వారాల్లో అరిగి
తనంతట అదే ఊడిపోతుంది.
ఎప్పుడో పేడ గీకే యంత్రంలో టకటకమంటుంది,
అప్పుడు తెలుస్తుంది మీకు.